సీసాలో మిగిలిన మందు

పోయినవాటిని వరుసగా చెబుతాను. ఇక్కడి ద్వారక కాలనీలో వాయిదాలు కట్టుకుంటూ వచ్చిన రెండు గదుల ఫ్లాటు. నా పీఎఫ్. నా భార్య గాజులు, ఆమె జడ. చివరికి ఆమె.

రొమ్ము క్యాన్సర్. మెట్రో ద్వారక దాకా వచ్చిన కొత్తలో బయటపడింది. కీమో ఒక్కటే చాలదన్నారు పెద్ద డాక్టరు. కీమో పెరిగే కణాన్నల్లా కొడుతుంది. రెండో ఇంజెక్షను ఆమె గడ్డ మీదున్న గుర్తును చూసి పట్టుకుంటుంది. రెండూ కలిపి మొదలుపెట్టి, కీమో అయిపోయాక కూడా రెండోది ఏడాది నిండేదాకా మూడు వారాలకొకసారి ఇవ్వాలి. సీసా ఆసుపత్రి షాపులోనే కొనాలి. మన చేతికివ్వరు, సరాసరి పై అంతస్తు వార్డుకు పంపుతారు.

మా డబ్బు ఎనిమిది సీసాలకు సరిపోయింది. ఎనిమిదో డోసు నాడు ఆమె నర్సును ఖాళీ అట్టపెట్టె అడిగింది.

"ఖాలీ డబ్బాతో ఏం పని ఆంటీ?"

"బొత్తాలు పెట్టుకుంటా సిస్టర్. ఫ్లాటంతా మింగింది, డబ్బా అయినా మిగలనీ."

జనక్‌పురిలో మా అద్దె ఇంటికొచ్చి పెట్టె విప్పితే లోపల మడతల కాగితం. నేను ఇంటరు తప్పినవాణ్ణే కాని, అంకెలు కనిపిస్తే కూడక మానను. సీసాలో నాలుగువందల నలభై మిల్లీగ్రాములు. ఆమెలా యాభై కిలోల మనిషికి మొదటి డోసు నాలుగువందలు, తర్వాత ప్రతిసారీ మూడువందలు. కలిపిన మందు ఫ్రిజ్‌లో ఇరవై ఎనిమిది రోజులు నిలవుంటుంది. మేము వెళ్లేది ఇరవై ఒకటో రోజున!

మర్నాడే వెళ్లి, మిగిలింది ఏమైందని షాపు ఇన్‌చార్జిని అడిగాను.

"పారేస్తాం అంకుల్. రూల్ హై."

"ఎవరి రూలు? కొన్నది నేను."

"అచ్ఛా, ఇంటికి తీసుకెళ్లి కూరలో వేసుకుంటారా?"

"మీ ఫ్రిజ్‌లోనే ఆమె పేరు రాసి పెట్టండి. అంతే."

నవ్వాడు. మా వీధి పిండిమర వాడు మరలో మిగిలిన పిడికెడు పిండి కూడా దులిపి నా డబ్బాలోనే వేస్తాడు. పెద్ద డాక్టరేమో, "ఇప్పుడెందుకా లెక్కలు?" అన్నారు. ఇంకెప్పుడు? తొమ్మిదో డోసు మూడు వారాల్లోనే ఉంది.

సీసాకు డబ్బు లేదు. తొమ్మిదోది పడలేదు. పై చలికాలం ఆమె పోయింది.

ఆ మందు పడుంటే బతికేదని నేననను. ఆ లెక్క నాకు రాదు. నాకొచ్చిన లెక్క ఇది. మొదటి డోసు పెద్దది కాబట్టి మిగిలింది నలభై. తర్వాత ఏడుసార్లు నూటనలభై. మొత్తం వెయ్యిన్ని ఇరవై మిల్లీగ్రాములు. అంటే మూడు డోసులు, పైన నూటఇరవై. ఆసుపత్రి ఆమెకు ఈనాటికీ అంత బాకీ.