పొయ్యి వెలిగించని పూట

మా మనవరాలి మంచం మీద ఉండే నవల నేను కూడా చదివాను. నాకు అక్షరాలు వచ్చిందే మనవలు పుట్టాక. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతాను కాబట్టి చాలా రోజులే పట్టింది. కుర్రపిల్లల కోసం రాసిన పుస్తకం అది. అందులో ఒక అబ్బాయి ఒక అమ్మాయిని వద్దంటాడు, తర్వాత చచ్చిపోతాడు. ఆ పిల్ల తిండి మానేసి, వాణ్ని వెతుక్కుంటూ చచ్చినవాళ్లుండే లోకానికి పోతుంది. అక్కడ వాడు బస్సు కోసం కాసుకున్నట్టు ఒక అరుగు మీద కూర్చుని ఆమె కోసమే చూస్తుంటాడు.

కథ బాగుందని చదవలేదు. మా పిల్లకీ అలాంటిదే జరిగింది కాబట్టి చదివాను.

ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. తనతో చదివే కుర్రాడు ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు. ఆ మానేసిన వారంలోనే రామతీర్థం రోడ్డులో బండి మీంచి పడి చనిపోయాడు. వాళ్ల వాకిట్లో నిలబడి ఏడవటానికి ఈ పిల్లకి ఏ వరసా లేదు. వెళ్లలేదు. స్నేహితురాలెవరో ఈ పుస్తకం ఇచ్చింది. అప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకుని అదే చదవడం. కంచం పెడితే నాలుగు మెతుకులు కెలికి లేచిపోవడం. బుగ్గలు లోపలికి పోయాయి. ఒక రోజు నీళ్ల బిందె దగ్గర కళ్లు తిరిగి పడింది.

"నిన్ను వొద్దనీసినోడి కోసం ఏటే ఇది? మీ నాన్న వస్తే నేనేటి సెప్పాల?" అంది కోడలు. మా కొడుకు సాలూరు లారీ మీద డ్రైవరు. వస్తే నెలకోసారి వస్తాడు.

పిల్ల ఏడవడం లేదు. అదే నాకు భయంగా ఉండేది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చున్నాను.

"వాడక్కడ కూకున్నాడనుకుంటన్నావేటే?"

"ఏమో నాన్నమ్మా. ఉంటే అడగాల. ఎందుకొద్దన్నాడో."

"ఆ పుస్తకం నేనూ సదివినాను."

"నువ్వా? మొత్తమా?"

"మొత్తం. అందులో ఒక్కలైనా పొయ్యి ఎలిగించినారేమో సూడు. ఆ గుంట పైలోకం ఎల్లొచ్చినాది. తిన్నావా అని అడిగినోళ్లు నేరు."

పిల్ల నవ్వలేదు. "తాతయ్య నీకెప్పుడైనా కనిపించినాడా?"

"నేదు. కల్లోకైనా రానేదు. సచ్చినోళ్లకి మనతో పనేటుంటాది."

అబద్ధం చెప్పాల్సిందేమో. ఓపిక లేక నిజం చెప్పాను. పిల్ల మళ్లీ గోడవైపు తిరిగింది.

ఆయన పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా తోటికోడలు కేరేజీతో కూడు తెచ్చి, నేను తినేదాకా పక్కనుంచి కదల్లేదు. చావింట్లో ఆకలి లేదంటే ఎవరూ వినరు. అక్కడ తినడం మన ఇష్టం కాదు. ఈ పిల్లకి చావు వచ్చింది గానీ, చావిల్లు రాలేదు.

మర్నాడు పొద్దున్నే సిలిండరు దగ్గర గ్యాసు కట్టేశాను.

కోడలు తెల్లబోయింది. "అందరం బతికుండగా పొయ్యి ఆర్పుతావా అత్తా? నా మొగుడు లారీ మీద తిరుగుతన్నాడు. నీకు మతి పోనాదేటి?"

ఆ భయం నాకు మాత్రం లేదా. లారీ మీద ఉన్నది నా కడుపున పుట్టినవాడు.

"కీడంటూ ఉంటే నా మీద రాసీ. పొయ్యి మాత్రం ముట్టుకోకు" అన్నాను.

వీధి చివర తోటికోడలి ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను.

"ఎవులు పోనారని తేవాలప్పా కూడు? ఎవులైనా అడిగితే?"

"ఓ గుంటడు పోనాడు. మా గుంటకి కావలసినోడు. అలగే సెప్పు."

"సదువొచ్చినకాడ్నించి నీకు బుర్ర పని సెయ్యడం నేదు" అంది గానీ, బియ్యం కడగడానికి లేచింది.

మధ్యాహ్నం కేరేజీ తెచ్చింది. అన్నం, పప్పుచారు, మజ్జిగ. నేల మీద కూర్చుని కంచంలో కలిపి పిల్ల వైపు జరిపింది.

"లెగు. తిను."

"ఆకలి నేదు చిన్న నాన్నమ్మా."

"ఆకలేస్తాదని ఎవులన్నారు? మనిషి పోనాడు కదా. తినాల. నేను కూకుంటాను."

మనిషి పోయాడన్న మాట ఆ పిల్లతో మా ఇంట్లో అంతవరకు ఎవరూ అనలేదు. లేచి కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం మరిచిపోయినట్టు ఉండిపోయింది. తర్వాత ఇంకో ముద్ద. తోటికోడలు అడుగుతూ ఉంది. ఏ ఊరు, తల్లి ఉందా, వాడెలా ఉండేవాడు. చావింట్లో ఎవరైనా అడిగేవే. పిల్ల తల దించుకుని ఒక్కోదానికీ జవాబు చెప్పింది. నవ్వితే పన్ను మీద పన్ను కనిపించేదట. సగం కంచం ఖాళీ అయింది. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

తోటికోడలు గిన్నెలు సర్దుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

"ఎల్లొస్తానని సెప్పనేదేటి?" అంది పిల్ల.

"సావింటి కాడ అలగ సెప్పరమ్మా."

నా మొహంలోకి చూసింది. అప్పుడు ఏడ్చింది, వీధిలోకి వినిపించేలా. కోడలు పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. నేను లేవలేదు. నడుం సహకరించలేదు.

మర్నాడు కోడలు ముందు మొగుడికి ఫోను చేసి, వాడి గొంతు విన్నాక పొయ్యి వెలిగించింది. నాతో మాట్లాడలేదు. పిల్లకి రెండు ఇడ్లీలు పెట్టింది. ఒకటి తిని చెయ్యి ఆపింది. కోడలు కంచం తియ్యబోతే, "ఉంచమ్మా, తింటాను" అంది.