నీటిచుక్క కారని సంచి

ఒకే ఒక్క సంచి వల్ల, ఒక్క మధ్యాహ్నంలో, తణుకులో ఒక ఫోటో స్టూడియో పరువూ, తాడేపల్లిగూడెంలో ఒక వియ్యమూ, రెంటి మధ్యా నా ప్రాణమూ పోవలసింది. ఎలాగో మూడూ మిగిలాయి. ఆ సంచిని వెతికి, పరీక్షించి, మురిసిపోయి మరీ ఎంచుకున్నది నేనే కాబట్టి ఈ కథ నేను చెప్పుకోవడమే మంచిది. మా మావయ్య చెబితే ఇంకా పెద్దదవుతుంది.

ముందు నా ధైర్యం సంగతి చెప్పాలి. అప్పుడే డిగ్రీ అయింది. నవలలు చదవడం, డైరీ రాసుకోవడం తప్ప నాకు వేరే లోకం లేదు. డైరీలో నేను పెద్ద వాగుడుకాయని. బయట మాత్రం ఎవరేం అడిగినా నా నోట్లోంచి వచ్చేది ఒకటే: "ఊఁ." అవునన్నా ఊఁ, కాదన్నా ఊఁ, ప్రశ్నే వినబడకపోయినా ఊఁ. బస్సులో "ఆపండి" అనే ధైర్యం లేక పక్క ఊరిదాకా వెళ్ళి నడిచొచ్చిన రోజులున్నాయి.

అలాంటి నన్ను మా అమ్మ తమ్ముడు, తణుకులో స్టూడియో నడిపే మావయ్య, ఫోటోలు తీయడానికి పెట్టుకున్నాడు. సీమంతాలకీ, ఓణీల ఫంక్షన్లకీ ఆడపిల్ల వస్తే బాగుంటుందని అందరూ అడుగుతున్నారట. కెమెరా వెనక నిలబడితే సగం మొహం దాక్కుంటుంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాకోసమే పుట్టిన ఉద్యోగం అనుకున్నాను.

కెమెరా నా చేతిలో పెడుతూ మావయ్య అన్నాడు: "ఇది కొన్న ఏడాది మీ అత్తయ్యకి చీర కొనలేదే శారదా. ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. దీనికి గీత పడిందంటే నువ్వు పాస్‌పోర్టు ఫోటో దిగడానికి కూడా ఈ గడప ఎక్కద్దు."

"ఊఁ."

"సంచి నువ్వే చూసుకో. రోజూ బస్సుల్లో మోసేది. గట్టిగా ఉండాలి, వానకి తడవకూడదు, దెబ్బ తగిలితే లోపలికి తెలీకూడదు. లోపల కెమెరా ఉందని అసలే తెలీకూడదు, దొంగ వెధవలుంటారు."

ఈ చివరి మాటతో నాకు నిద్ర కరువైంది. ఆ రోజు నుంచి మీసాలున్న ప్రతి మనిషీ నా కెమెరా కోసమే పుట్టినట్టు కనిపించేవాడు. బజారులో సంచుల కొట్టుకి వెళ్ళాను.

"అందులో ఏం పెట్టుకుంటారమ్మా?" అన్నాడు కొట్టాయన.

కెమెరా అంటే దొంగ వింటాడేమో! కొట్లో నేనూ, ఆయనా, గోడ మీద బల్లీ తప్ప ఎవరూ లేరు. అయినా బల్లి వాలకం నాకు నచ్చలేదు.

"పుస్తకాలండి," అన్నాను.

"ఏ క్లాసమ్మా?"

"ఊఁ."

ఆయన పాపం నన్నొకసారి ఎగాదిగా చూసి, ఏనుగుపిల్ల బొమ్మ ఉన్న ఎర్ర సంచి ఒకటి తీశాడు. "ఇది తీసుకోండమ్మా, పిల్లలు దీనికోసం ఏడుస్తారు," అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. బయటపడ్డాను.

ఇంటికొచ్చి చూస్తే, దేవుడు పంపినట్టు, వసారాలో మేకుకి వేలాడుతూ ఉంది: దళసరి ఆకుపచ్చ రెక్సిన్, వీపుకి తగిలించుకునే వెడల్పు పట్టీలు, మీద వరికంకి బొమ్మ. రైతుల మీటింగులో నాన్నకి పురుగుమందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన సంచి. మందు సీసాలు పగలకుండా లోపల చుట్టూ స్పాంజి, దాని మీద మందపాటి ప్లాస్టిక్.

"ఈ ఏడాది రెండు జిల్లాల్లోనూ ఇదే పంచారే. ఎవడి భుజాన చూసినా ఇదే," అన్నాడు నాన్న.

ఆహా, ఇంకేం! ఎవరికీ అనుమానమే రాదు.

ఇక పరీక్షలు. మొదట కోడిగుడ్లు పెట్టి డాబా మీంచి కిందకి వదిలాను. ఒక్కటే చితికింది. "ఓసి నీ మొహం మండ, పరీక్షకి గుడ్లే దొరికాయా నీకు!" అని అమ్మ అరిచింది. తర్వాత నిండా నీళ్ళు పోసి అదే మేకుకి తగిలించి, పొద్దుగూకేదాకా కింద కూర్చుని నవల చదువుకున్నాను. ఒక్క చుక్క కారలేదు. నీళ్ళు బయటికి రానప్పుడు లోపలికి మాత్రం ఎలా పోతాయి? ఈ తెలివికి నేనే పొంగిపోయి డైరీలో ఒక పేజీ రాసుకున్నాను. నీళ్ళు బయటికి రాని సంచి మా వైపు జనానికి ఇంకెందుకు పనికొస్తుందో ఆలోచించాలని మాత్రం తట్టలేదు. మీకు తట్టే ఉంటుంది. మీరు నాకంటే తెలివైనవాళ్ళు.

శ్రావణమాసం. రావులపాలెంలో సీమంతం. మొదటిసారి ఒంటరిగా వెళ్ళి, గాజులు తొడగడం దగ్గర్నుంచి హారతి దాకా అన్నీ తీశాను. కెమెరా, లెన్సులు, ఫ్లాష్, తీసిన రోల్స్, మావయ్య స్టూడియో పేరున్న కవర్లు అన్నీ సంచిలో సర్ది తాడేపల్లిగూడెం బస్సెక్కాను. సంచి సీటు కింద పెట్టి, కాళ్ళ మధ్య బిగించి కూర్చున్నాను.

సిద్ధాంతం దగ్గర ఎవరో ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్నారు. ఎవరో నేను చూడలేదు. మగవాళ్ళ మొహం చూసే అలవాటు లేదు నాకు. గొంతు మాత్రం బస్సంతా వినబడింది.

"పులసండి! ఇప్పుడే వలలోంచి తీశారు. రేపు మా వియ్యంకుడు వస్తున్నాడు. ఇంటికెళ్ళగానే ఐసులో పాతేయాలండి, లేకపోతే వియ్యమే పాడైపోద్ది!"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. తణుకులో "దిగాలండి" అని ఎలా అనాలో లోపల సాధన చేస్తున్నాను. బస్సు బ్రేకు వేసినప్పుడల్లా సీట్ల కింద సామాన్లు ముందుకీ వెనక్కీ జారుతున్నాయన్న సంగతి నేను పట్టించుకోలేదు. తణుకు వచ్చింది. కంగారుగా వంగి, పట్టీ చేతికి తగలగానే లాగి, వీపుకి తగిలించుకుని దూకేశాను.

వీపుకి చల్లగా తగిలింది. వాన గాలి అనుకున్నాను. కొంచెం బరువుగా కూడా ఉంది. సీమంతం వాళ్ళు పెట్టిన లడ్డూలనుకున్నాను. ఎంత సంతోషంగా నడిచానో!

స్టూడియోలో మావయ్య లేడు. డార్క్‌రూమ్ తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది, అంటే లోపలున్నాడు, తలుపు ముట్టుకుంటే చంపేస్తాడు. రోల్స్ తీసి బల్ల మీద పెడదామని జిప్పు లాగాను.

ఐసుముక్కల మధ్య నుంచి గుండ్రటి కన్నొకటి నన్నే చూస్తోంది. రెప్ప వేయడం లేదు.

నవలల్లో అమ్మాయిలు ఇలాంటప్పుడు స్పృహ తప్పుతారు. నేనూ కళ్ళు మూసుకుని ప్రయత్నించాను. రాలేదు. ఇంటికెళ్ళగానే ఐసులో పాతేస్తానన్నాడు కదా ఆయన! కెమెరా ఐసులో! సీమంతం రోల్స్ ఐసులో! ఆ అమ్మాయిని మళ్ళీ పీట మీద కూర్చోబెట్టి గాజులు తొడిగిస్తారా?

డార్క్‌రూమ్ తలుపు దగ్గరికెళ్ళి, "మావయ్యా," అన్నాను.

"ఏంటే?"

"ఏం లేదు."

ఐసు కరుగుతోంది. చేప కూడా పాడైతే కెమెరాకి బదులు ఇవ్వడానికి నా దగ్గరేం మిగలదు. సంచి ఎత్తుకుని పైన మావయ్య ఇంట్లోకి పరిగెత్తాను. అత్తయ్య తొంగి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పులసే! సీమంతం వాళ్ళిచ్చారా?"

ఆ క్షణంలో నేను చెప్పవలసిన మాటలు ఎన్నో ఉన్నాయి. చెప్పింది ఒక్కటే.

"ఊఁ."

"ఎంత మంచివాళ్ళే తల్లీ! ముదురు బెండకాయలు కూడా ఉన్నాయి ఇంట్లో. నువ్వు కిందకెళ్ళు, నేను చూసుకుంటా."

ఐసులో పెట్టి చూసుకుంటుందనుకున్నాను. కిందకొచ్చి టెలిఫోను ముందు కూర్చున్నాను. బస్టాండుకి చేయాలా, పోలీసులకి చేయాలా, ఏ నంబరుకి చేసినా అవతల మనిషి మాట్లాడతాడే! ఫోను నల్లగా నన్ను చూస్తోంది, నేను ఫోన్ని చూస్తున్నాను. ఎంతసేపు గడిచిందో తెలీదు. మావయ్య బయటికొచ్చాడు.

"వచ్చావా? రోల్స్ ఇయ్యి, ల్యాబ్‌కి పంపాలి."

"ఉన్నాయి మావయ్యా."

"ఎక్కడ?"

"సంచిలో."

"సంచెక్కడ?"

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఎత్తాను.

"ఫోటో స్టూడియోనా అండి? మీ కవర్ల మీద నంబరు చూసి తాడేపల్లిగూడెం నుంచి చేస్తున్నానండి. మా పక్కింటాయనకి పులస చూపిద్దామని ఐసు డబ్బాలోంచి సంచి తీసి జిప్పు లాగితే, ఇంత కన్నేసుకుని నల్లటిదేదో చూస్తోందమ్మా! దడుసుకు చచ్చాను! నా చేప మీ దగ్గరుందా తల్లీ?"

"ఊఁ."

"క్షేమమేనా?"

మేడ మెట్ల మీంచి చింతపండు పులుసు వాసన దిగి వచ్చింది. వెనకే అత్తయ్య గొంతు: "శారదా, ముక్క ఉడికింది, వచ్చి ఉప్పు చూడవే!"

"ఊఁ," అన్నాను ఫోన్లో. అబద్ధమో నిజమో నాకే తెలీదు.

"వచ్చేస్తున్నానమ్మా, ఇప్పుడే బయల్దేరుతున్నా!"

ఫోను పెట్టేసి, నా జన్మలో మొదటిసారి, ఊపిరి తీసుకోకుండా మావయ్యకీ, పిలుస్తూ మెట్ల దాకా వచ్చిన అత్తయ్యకీ అంతా చెప్పేశాను. మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

ఆయన వచ్చాడు. తెల్ల పంచె, చంకలో నా సంచి చంటిపిల్లలా. మావయ్య లాక్కున్నంత పని చేసి జిప్పు తీశాడు. కెమెరా, లెన్సులు, రోల్స్, అన్నీ పొడిగా ఉన్నాయి! ఐసులో పాతినా లోపలికి ఒక్క చుక్క రాలేదు. నా పరీక్ష నెగ్గింది. కానీ ఆ సంగతి చెప్పుకునే సమయం కాదు.

"మరి నా చేపండి?"

అత్తయ్య మెట్లు దిగి వచ్చింది, చేతుల్లో మట్టి దాక. ఆయన దాకని చూశాడు. మమ్మల్ని చూశాడు. వెనకనున్న జలపాతం తెర ముందు, ఫోటోలు దిగేవాళ్ళ స్టూలు మీద కూలబడ్డాడు. మీసాలు వణుకుతున్నాయి.

"వియ్యంకుడికి ఏం చెప్పమంటారండి?"

నేను గోడలో కలిసిపోయే ప్రయత్నంలో ఉన్నాను.

"పులస పులుసు మర్నాటికే కదండీ రుచి?" అంది అత్తయ్య మెల్లగా. "మీ వియ్యంకులు వచ్చేది కూడా రేపే. దాకతో సహా పట్టుకెళ్ళండి."

ఆయన అరచెయ్యి చాచాడు. అత్తయ్య గరిటెతో చుక్క పులుసు వేసింది. నాకాడు. కళ్ళు మూసుకున్నాడు. మావయ్య కెమెరాని గుండెకి హత్తుకున్నాడు, ఎక్కడ గొడవ మొదలవుతుందోనని.

"అమ్మా," అన్నాడాయన కళ్ళు తెరిచి, "ఇది మా ఆవిడే వండిందని చెప్పుకుంటాను. ఏమనుకోరు కదా? మీరు మాత్రం గూడెం వైపు ఎవరితోనూ అనకండి."

దాక కదలకుండా అడుగున స్పాంజి ఉన్న సంచి కావాలన్నాడు. బల్ల మీద ఖాళీ చేసి పెట్టిన నా సంచిలో దాకని కుదురుగా కూర్చోబెట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అది నా సంచండి, మీది పైన వంటింట్లో ఉందండి అని నేను చెప్పాలి. తలుపు దాకా వెళ్ళాను. ఆయన వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తానమ్మా," అన్నాడు.

"ఊఁ," అన్నాను.

కాబట్టి చేప సంచి నాకు మిగిలింది. సబ్బుతో కడిగాను, సున్నిపిండితో కడిగాను, ఎండలో ఆరేశాను. వాసన పోయిందనిపించింది. మావయ్య కూడా, "రోల్స్ బాగా వచ్చాయి. ఇంకొక్క అవకాశం," అని ఒక ఓణీల ఫంక్షనుకి పంపాడు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, సంచి చంక దాటకుండా, ప్రతి ఫోటో భయంభయంగా తీశాను. ఏదో మెత్తగా కాళ్ళకి రాసుకుంటున్నట్టుంటే పిల్లలనుకున్నాను.

ల్యాబ్ నుంచి ఫోటోలొచ్చాయి. మావయ్య ఒక్కొక్కటే బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. అక్షింతలు వేస్తుంటే పీట పక్కన పిల్లి. హారతి పళ్ళెం వెనక పిల్లి. అమ్మమ్మ ఒళ్ళో పిల్లి. అందరూ కలిసి నిలబడ్డ ఫోటోలో మధ్యలో కూర్చుని, నేరుగా కెమెరాలోకి చూస్తూ పిల్లి.

"శారదా," అన్నాడు మావయ్య, "ఇంతకీ ఓణీలు ఎవరికే?"

అందుకని, పసుపు బట్టలో కొబ్బరికాయ కట్టి, గోదారమ్మకి దణ్ణం పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: సంచి ఎంత గట్టిదైనా, వానకి ఎంత మొండిదైనా, అందులో అరచేతి పొడవు చేప పట్టే వీలుంటే చాలు, ఈ శారద వీపు అది ఎక్కదు గాక ఎక్కదు.