అంగారకుడి మీది పిల్ల కోసం ప్రార్థన

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా చర్చి స్త్రీల సమాజంలో వాక్యం చదవడం అయ్యాక, ప్రార్థన అంశాలు ఉంటే చెప్పమన్నాను. ఒకరు కొడుకు ఉద్యోగం అన్నారు, ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు. గోడకి జేరబడి కూర్చున్న పెద్దమ్మ, మా అందరిలోకీ వయసు మళ్ళిన మనిషి, మెల్లగా చెయ్యెత్తి, "ఆ పిల్ల ఇంటికి సేరిందేటమ్మా? కబురేటైనా తెలిసిందా?" అని అడిగింది. కొత్తగా వచ్చిన కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి పిల్లో, ఎక్కడ తప్పిపోయిందో అని ఒకమ్మాయి నోటిమీద చెయ్యి వేసుకుంది. ఆ పిల్లని ఎరిగినవాళ్ళం ఆ గదిలో ఇక మేమిద్దరమే.

ఆ పిల్ల మా పిన్ని రాసిన నవలలోది.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు, నాకంటే కొన్నేళ్ళే పెద్ద. పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. దాంతోపాటు కాలేజీ గుమ్మం ఎక్కబోయే వయసు పిల్లల కోసం సైన్స్ ఫిక్షన్ రాసేది. అనకాపల్లిలో ఈ రెండో సంగతి చెబితే "అంటే ఏటి, దెయ్యాల కథలా?" అనేవారు. రాకెట్ల కథలంటే "అదే, అదే" అని తలూపేవారు. పొద్దున్నే బెల్లం మార్కెట్ మలుపులో కంపెనీ బస్సు హారన్ కొట్టేసరికి ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో కాగితాలు పెట్టిన పరీక్ష అట్ట పట్టుకుని పరిగెత్తేది. కిటికీ పక్క సీటు తనకే వదిలేసేవారు. రాసిందంతా ఆ సీట్లోనే. బస్సు గోతిలో పడిన చోటల్లా అక్షరం ఎగిరిపడేది కాబట్టి, తన రాతప్రతి చూస్తే ఎక్కడెక్కడ రోడ్డు బాగులేదో తెలిసిపోతుందని నవ్వేది. బెల్లం వండే రోజుల్లో బస్సు నిండా పాకం వాసన. అంగారకుడి మీద బయటి వాసన ఏదీ లోపలికి రాదు, అక్కడికి వెళ్ళిన పిల్లకి ముందు బెంగ పుట్టేది దానికే అని ఒకసారి నాతో అంది.

అంగారకుడు తనకి దొరికింది కూడా కంపెనీలోనే. మందు తయారయ్యే గదుల్లోకి వెళ్ళాలంటే తల నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగు వేసుకోవాలట. మధ్యలో రెండు తలుపుల చిన్న గది ఉంటుంది, ఒక తలుపు మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు. ఆ రెండు తలుపుల మధ్య నిలబడి ఊపిరి చప్పుడు వింటుంటే కథ పుట్టిందని చెప్పేది. తాతయ్య పోయిన మరుసటి ఏడు అది. తాతయ్య పెద్దాసుపత్రిలో గాలందక పోయాడు. సంఘమంతా మోకాళ్ళమీద ప్రార్థించినా పోయాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నవల ఒక మాసపత్రికలో నెలనెలా వచ్చేది. దుమ్ము తుఫానులో పెద్దవాళ్ళనుంచి విడిపోయిన ఒక అనకాపల్లి పిల్ల, చిన్న తమ్ముడితో కలిసి అంగారకుడి మీద ఒక డేరాలాంటి ఇంట్లో చిక్కుకుపోతుంది. లోపల గాలి తరిగిపోతూ ఉంటుంది. కథ ఇంతే.

అప్పట్లో స్త్రీల సమాజం మా ముందుగదిలో జరిగేది. దానికి పెద్ద మా అమ్మమ్మే. అమ్మమ్మకి చదువు రాదు, సమాజంలో చాలామందికీ రాదు. అందుకని గొంతు బాగున్న పిన్నిని తాతయ్య చేతుల కుర్చీలో కూర్చోబెట్టి వాక్యం చదివించేవారు. ప్రార్థన అయ్యాక టీ, మేరీ బిస్కెట్లు. టీ తాగుతూ "నీ కథ కూడా సదవే" అని ఎవరో అడగడంతో పిన్ని అదే కుర్చీలో, అదే గొంతుతో తన కథ చదివింది. ఆ తరవాత అది అలవాటైంది. యోనా చేప కడుపులో ఉన్న సంగతి విన్న చెవులతోనే ఆ పిల్ల డేరాలో ఉన్న సంగతీ విన్నారు. ఆ కుర్చీలోంచి వచ్చిన మాట అబద్ధమని వాళ్ళకెందుకు తోస్తుంది?

తరవాతి ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థన అవసరాలు అడిగినప్పుడు అమ్మమ్మ లేచి నిలబడింది. "గాలాడక బాధపడతన్న ఒక పిల్ల ఉందయ్యా, తమ్ముడు కూడా ఉన్నాడు" అంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, వైద్యుల చేతుల్ని దీవించమని, ఆ మంచం చుట్టూ దూతల్ని కావలి ఉంచమని చాలాసేపు కన్నీళ్ళతో ప్రార్థించారు. సంఘమంతా గట్టిగా ఆమేన్ అంది.

"ఏ వార్డు, అమ్మా? సాయంత్రం వెళ్ళి చూసి వస్తాను" అన్నారాయన.

"వార్డు కాదయ్యా. అంగారకుడు."

యువజనుల వరుసలో ఒకడు నవ్వాపుకోలేక బెంచీ కిందికి వంగిపోయాడు. పిన్ని ముసుగు ముక్కుదాకా లాక్కుంది. సంగతి తెలుసుకున్న పాస్టరుగారు కాసేపు గడ్డం నిమురుకుని, "ఆమేన్ అనేశాం కదా, ఇంక వెనక్కి తీసుకోలేం" అని పాట అందుకున్నారు.

నవ్వు అక్కడితో ఆగలేదు, పాలు పోసేవాడి దాకా వెళ్ళింది. ఇంట్లో మాత్రం నవ్వు లేదు. ఎందుకంటే పిన్ని అప్పటికే ఆఖరి భాగం రాసేసింది. అందులో అక్క ఉన్న గాలంతా తమ్ముడి తొడుగులోకి ఎక్కించి, తాను ఆ రెండు తలుపుల మధ్య ప్రాణం విడుస్తుంది. స్నేహితుల కోసం ప్రాణం పెట్టే ప్రేమను మించింది లేదని ప్రభువు చెప్పాడు కదా, దానికి సరిపోయిన ముగింపు ఇదేనని పిన్ని నమ్మకం. తాను రాసినవాటిలో అదే గొప్పదని కూడా అనుకుంది. ఇటు చూస్తే అమ్మమ్మ శుక్రవారం ఉపవాసం పట్టింది. ఆవిణ్ణి చూసి సమాజమంతా పట్టింది.

పిన్నికి పట్టుకుంది దిగులు. ఆ పిల్ల చనిపోతే వీళ్ళకి మరొక ప్రార్థన వమ్మైనట్టే. బతికిస్తే తన కథ తప్పినట్టే. వంటింట్లో అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చుంది. నేనూ ఒలుస్తున్నాను.

"అమ్మా, అది కథే. ఆ పిల్ల నిజంగా లేదు."

"నాకు తెల్దేటి?" అంది అమ్మమ్మ తలెత్తకుండా. "నాకు సదువు లేదు గానీ మతి ఉంది."

పిన్ని తెల్లబోయింది. "మరి ఉపవాసం ఎందుకు?"

"ఆ పిల్ల కోసం కాదే. నీ కోసం. నువ్వు దాన్ని సంపేత్తావని నీ గొంతులోనే తెలిసిపోయింది." ఒలిచిన గింజలు గిన్నెలో వేసింది. "మీ నాన్నకి గాలి పెట్టడం మన సేతిలో లేకపోయింది. దేవుడి సిత్తం, నేను కాదన్లేదు. ఈ పిల్లకి పెట్టడం నీ సేతిలో ఉంది గదే. పెట్టడానికి నీకేటి కట్టం?"

పిన్ని ఒక చిక్కుడుకాయ అందుకుని ఒలవడం మొదలుపెట్టింది. మర్నాడు బస్సెక్కింది. ఎన్ని రోజులు రాసిందో, ఎన్ని గోతులు దాటిందో, ఆ భాగం మార్చేసింది. రెండు తలుపుల మధ్య పిల్ల కళ్ళు మూతలు పడుతుండగా బయటి తలుపు మీద దబదబా చప్పుడవుతుంది, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు తమ గాలి పంచిపెడతారు. అక్కనీ తమ్ముణ్ణీ ఎక్కించుకుని ఓడ భూమివైపు బయలుదేరుతుంది. అక్కడితో ఆపేసింది. ఇల్లు చేర్చడం తనకి చేతకాలేదు. పుస్తకంగా వచ్చాక ఒక విమర్శకుడు ముగింపు బలహీనంగా ఉందని రాశాడు. "నిజమే" అంది పిన్ని. ఇప్పటికీ అంటుంది. ఇప్పుడు అదే బస్సులో ఫోన్‌లో టైపు చేస్తుంది, గోతుల జాడ తెలియడం లేదని విసుక్కుంటుంది.

ఆ భాగం చదివిన రోజు సమాజం స్తోత్రగీతం పాడింది. అమ్మమ్మ మాత్రం "బయల్దేరింది గాని సేరలేదు గదా" అని, తాను కన్నుమూసేదాకా ప్రతి ఆదివారం ఆ పిల్ల ప్రయాణం కోసం ప్రార్థన చేయించింది.

"ఇంకా దారిలోనే ఉందమ్మా" అన్నాను పెద్దమ్మతో.

"అలాగా. మరైతే సేద్దాం" అని ఆవిడ ముసుగు సర్దుకుంది.

తాతయ్య కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్నది నేనే. తల వంచుకుని ఆ పిల్లని ప్రభువు చేతుల్లో పెడుతుంటే తోచింది: అమ్మమ్మ చేరవలసిన చోటికి చేరిపోయింది, మా జుట్లు నెరిశాయి, ఆ పిల్ల మాత్రం బెల్లం వాసన ఎప్పుడు తగులుతుందా అని చూస్తూ అదే వయసుతో వస్తూనే ఉంది, గుమ్మంలో నిలబడి ఎదురుచూసేవాళ్ళనే కాలం మారుస్తోంది.