తాగని నీళ్ల లెక్క

ధనుంజయ చేతికొచ్చిన మొదటి రేడియో మూగది. వాళ్ల అప్ప జోగమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మందస చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. ఒక ఇంటి అటక మీద పడి ఉన్న ఆ రేడియోని చూసి, చేపలిచ్చి దాన్ని అడిగి తెచ్చుకుంది.

"ఇది పలకదు కదప్పా?" అన్నాడు తమ్ముడు.

"పలికితే నాకెందుకిత్తారురా? నువ్వు బాగుసేసుకో" అంది.

అది చివరిదాకా పలకలేదు గానీ, దాన్ని విప్పిన పిల్లవాడు మాత్రం ఆ తరవాత ఏదో ఒకటి విప్పుతూనే పెరిగాడు. తల్లి లేని పిల్లవాడు. మంచినీళ్లపేటలో అప్పే అన్నం పెట్టింది, అప్పే బడికి తోలింది. తనకు పెళ్లయ్యాక కూడా తమ్ముణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుని టెక్కలిలో డిప్లొమా చదివించింది. అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా కుదిరాడు. మేనమామ కూతురు వనజను చేసుకుని కాశీబుగ్గలో రేకుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. రోజూ బస్సులో టెక్కలి వెళ్లి రావడం, సాయంత్రం వచ్చాక బల్ల మీద వైర్లు, బోర్డులు పరుచుకుని కూర్చోవడం. మనిషి వస్తే వెలిగే దీపం, ట్యాంకు నిండితే కూసే బజరు లాంటివి చేసి వీధిలో అడిగినవాళ్లకి ఇచ్చేవాడు. వనజ విసుక్కునేది. "వొదినా, మీ తమ్ముడికి కూడు అక్కరలేదు, సోల్డరింగు పొగుంటే సాలు" అని అప్పకి ఫోన్లో చెప్పేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఉద్దానంలో చాలా ఇళ్లలోకి వచ్చినట్టే జోగమ్మ ఇంట్లోకీ కిడ్నీ జబ్బు వచ్చింది. ముందు ఆమె మొగుణ్ణి తీసుకుపోయింది. ఆ మరుసటేడు ఆమె కాళ్లు వాచాయి. పలాసలో డయాలసిస్ మొదలుపెట్టాలన్నారు. ధనుంజయ వెళ్లి అప్పని, ఆమె ట్రంకు పెట్టెని, గంపని కూడా ఆటోలో వేసుకుని కాశీబుగ్గ తెచ్చేశాడు.

వారానికి మూడుసార్లు సూదులు గుచ్చించుకోవడం జోగమ్మకి కష్టమనిపించలేదు. ఎండుచేప మానేయమంటే మానేసింది. నీళ్ల దగ్గరే ఆమె ఓడిపోయేది. కిడ్నీలు పనిచేయవు కాబట్టి తాగిన నీరు బయటికి పోదు, ఒంట్లోనే నిలిచిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకని రోజుకు ఇంతే తాగాలని డాక్టరు కొలత చెప్పాడు. ఆ కొలత ఆమెకు గుర్తుండేది కాదు. ఒక గుక్క తాగి, తాగానో లేదోనని మళ్లీ ఒక గుక్క. రెండుసార్లు ఆయాసం వచ్చి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చింది.

"అప్పా, నీకొక పెట్టె సేసిత్తాను. లెక్క అదే సూసుకుంటాది" అన్నాడు ధనుంజయ.

బరువు తూచే చిన్న పలక, దాని కింద లెక్కలు చేసే మైక్రోకంట్రోలర్ బోర్డు, ముందు అంకెలు కనిపించే అద్దం. పలక మీద అప్ప చెంబు పెట్టాలి. ఆమె తాగి చెంబు తిరిగి పెట్టగానే ఎంత బరువు తగ్గిందో పెట్టె చూసుకుని లెక్కలో కలుపుకుంటుంది; చెంబు పలక మీద ఉండగా బరువు ఎంత తగ్గినా అది తాగిన నీళ్లే అనుకుంటుంది. రోజు కొలత అయిపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. మర్నాడు పొద్దున్న మళ్లీ సున్నా నుంచి మొదలు.

జోగమ్మకి ఆ పెట్టె మీద ప్రాణం. ఇంటికెవరొచ్చినా దాని ముందు కూర్చోబెట్టేది. "నానెంత తాగినానో నాకు తెలవదు గానీ దీనికి తెలుసు. మా తమ్ముడు సేసినాడు" అనేది. ఆ చలికాలమంతా ఆయాసం రాలేదు. నర్సు భార్గవి మెచ్చుకుంది.

మాఘం వెళ్లాక ఒక సాయంత్రం ఉరుములతో వాన పడింది. కరెంటు ఒక్కసారిగా ఎక్కువై వీధిలో రెండు టీవీలు పోయాయి. జోగమ్మ పెట్టెలో బోర్డు కూడా మాడిపోయింది. ధనుంజయ ఎప్పుడూ విశాఖపట్నంలో యుగంధర్ అనే స్నేహితుడి దుకాణం నుంచి బోర్డులు తెప్పించుకునేవాడు. ఈసారి అతని దగ్గర సరుకు లేదు.

"కొన్నాళ్లు ఆగు బావా, అసలుది వచ్చాక పంపుతాను" అన్నాడు యుగంధర్.

ఆగడానికి ఇంట్లో పరిస్థితి లేదు. పెట్టె లేని రోజుల్లో జోగమ్మ భయంతో చెంబు ముట్టేది కాదు, లేదా మరిచిపోయి ఎక్కువ తాగేసేది. ధనుంజయ ఆన్‌లైన్‌లో వెతికితే అచ్చు అదే నీలం బోర్డు బొమ్మ కనిపించింది. దానికి తోడు, బోర్డులోకి ప్రోగ్రాం ఎక్కించే ప్రోగ్రామర్ కూడా ఇస్తామన్నారు. తెప్పించాడు.

మొదటి రోజే ఆ ప్రోగ్రామర్‌ను కంప్యూటర్ గుర్తుపట్టలేదు. ఎక్కడెక్కడో వెతికి పాత సాఫ్ట్‌వేర్ తెచ్చి వేస్తే పలికింది. చిప్ మీద అక్షరాలు కొంచెం పక్కకి వాలి, పలచగా ఉన్నాయి. అది అతను చూశాడు. చూసి, సరేలే, పని చేస్తోంది కదా అనుకున్నాడు. కాలేజీ ల్యాబులో ఫ్యాను కింద పెట్టి చెంబు బరువు తూచి చూస్తే లెక్క సరిగ్గానే వచ్చింది. తెచ్చి వంటింట్లో గట్టు మీద పెట్టాడు. జోగమ్మ పెట్టెకు దండం పెట్టినంత పని చేసింది.

చైత్రం దాటేసరికి ఎండలు ముదిరాయి. రేకుల కింద వంటిల్లు కుంపటిలా ఉండేది. దగ్గర్లోని జీడి బట్టీల పొగ ఆ వేడిలో కదలకుండా నిలబడేది. ఎర్ర దీపం మధ్యాహ్నానికే వెలగడం మొదలైంది.

"అప్పుడే ఐపోనాదేటి?" అనుకునేది జోగమ్మ. "పొద్దున్న ఎక్కువ తాగేసినట్టున్నాను."

ఆ తరవాత మర్నాటి పొద్దుటిదాకా నీళ్లు లేవు. ఒకసారి వనజని అడిగింది, ఒక్క గుక్క పొయ్యమని. వనజ పెట్టె వైపు చూసింది.

"వొద్దొదినా, దీపం ఎలిగిపోనాది. మళ్లీ ఆయాసమొస్తే ఏటి సేత్తాం?"

జోగమ్మ మళ్లీ అడగలేదు. తడిగుడ్డ పెదాల మీద పెట్టుకునేది. ఒక మధ్యాహ్నం ఆమె చీర చెంగు తడిపి, దాన్ని నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చోవడం వనజ చూసింది. ఆ మాట ధనుంజయతో అంటే, "ఎండలు కదా, అందరికీ అలాగే ఉంది" అన్నాడు.

డయాలసిస్ దగ్గర జోగమ్మకి కాళ్లు పట్టేసేవి, అరుపులు పెట్టేది. మధ్యలో బీపీ పడిపోయి కళ్లు తేలేసేది. ఒకరోజు భార్గవి ధనుంజయని పక్కకి పిలిచింది.

"మీ అప్ప నీళ్లు పూర్తిగా మానేసిందేటండి? తూస్తే బరువే పెరగట్లేదు. ఒంట్లో తీయడానికి నీరుంటే కదా! ఇలా ఎండగట్టేత్తే ఎలాగ?"

"మానలేదండి. కొలత పెట్టి తాగుతోంది."

"ఏ కొలతో మరి. నోరు సూసారా? నాలిక పగిలిపోనాది."

ధనుంజయ చూడలేదు. ఆ ఇంట్లో అప్ప నాలుక చూడాలని ఎవరికీ తోచలేదు. పెట్టె ఉంది కదా అనుకున్నారు.

ఆ ఆదివారం జోగమ్మ ముందుగదిలో నిద్రపోతుంటే అతను చెంబు అంచుదాకా నింపి పలక మీద పెట్టాడు. పెట్టె లెక్కని సున్నాకి తెచ్చాడు. పీట వేసుకుని దాని ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ కాలేదు. ఎండ రేకుల మీదికి పూర్తిగా ఎక్కాక అద్దంలో సున్నా పోయి చిన్న అంకె వచ్చింది. చెంబుని ఎవరూ ముట్టుకోలేదు. మళ్లీ అంకె పెరిగింది. చిప్ వేడెక్కినకొద్దీ బరువు తగ్గినట్టు చూపిస్తోంది. తగ్గినప్పుడల్లా, అప్ప తాగిందని పెట్టె రాసేసుకుంటోంది. అతను లేవలేదు, ఫ్యాను వేయలేదు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. అంకెలు ఒకదాని మీద ఒకటి పెరుగుతూ పోయాయి.

వనజ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏటి బావా, అలాగ కూకున్నావు?"

అతను జవాబు చెప్పేలోపే ఎర్ర దీపం వెలిగింది. వనజ చెంబులోకి తొంగి చూసింది. నీళ్లు అంచు దగ్గరే ఉన్నాయి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడింది.

"నన్నడిగిందే బావా. ఒక్క గుక్క పొయ్యమని అడిగింది. నానే వొద్దన్నాను."

యుగంధర్‌కి ఫోన్ చేస్తే, గోళ్ల రంగు తుడిచే మందుతో చిప్ తుడవమన్నాడు. వనజ దగ్గరున్న సీసా తీసి దూదితో రుద్దితే, కంపెనీ పేరూ నంబరూ నల్లగా దూదికి అంటుకుని వచ్చేశాయి. కింద బోసి చిప్. ఏదో నాసిరకం ముక్కని తెచ్చి, మీద మంచి పేరు అచ్చు వేశారు. అమ్మినవాళ్లకి రాస్తే, పొరపాటైందని ఇంకొకటి పంపారు. తుడిస్తే దాని పేరూ పోయింది. మూడోసారి రాసేసరికి ఆ దుకాణం పేజీయే కనిపించలేదు.

అప్పకి ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. ఆ ఆదివారం సాయంత్రమే, ఆమె లేచి మొహం కడుక్కున్నాక, గ్లాసు నిండా నీళ్లు తెచ్చి చేతిలో పెట్టాడు.

"దీపం ఎలిగినాదిరా" అందామె భయంగా.

"ఎలగనీ. నువ్వు తాగు."

ఆమె తాగింది. ఆగి ఆగి, ఒక్కో గుక్కా నోట్లో ఉంచుకుని తాగింది. గ్లాసు కిందపెట్టాక అతను చెప్పాడు. "అప్పా, ఆ పెట్టె అబద్ధం సెప్పినాది. లోపల బోర్డు నకిలీది. నువ్వు తాగకపోయినా తాగినట్టు లెక్కేసినాది."

జోగమ్మ కిందపెట్టిన గ్లాసు వైపు చూసింది. తరవాత మెల్లగా అడిగింది.

"అయితే అన్నాళ్లూ నాను తాగొచ్చునేటి?"

ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. ధనుంజయ తల దించుకున్నాడు. అతను ఏడవడం చూసి ఆమె చెయ్యి చాచి తమ్ముడి తల మీద పెట్టింది.

"ఊరుకో. నాకేటైపోనాది ఇప్పుడు? దాహమే కదా. సముద్రం మీదికెళ్లినోలు పడరేటి?" అని, వెంటనే మాట మార్చి, "వనజా, రేపు తోటకూర దొరికితే సూడమ్మీ" అంది. ఈ జబ్బులో తోటకూర ఆమె తినకూడదు. ఏదో ఒకటి అనాలని అంది.

యుగంధర్ అసలు బోర్డు పంపాడు. ధనుంజయ కొత్త పెట్టె చేసి, దాన్ని రోజుల తరబడి ఎండలో పెట్టి చూసి తెచ్చాడు. జోగమ్మ దాన్ని పక్కకి జరిపింది.

"యంత్రం వొద్దురా. నువ్వే సెప్పు. నువ్వు తాగమంటే తాగుతాను."

అప్పటినుంచి కాలేజీకి ఫోన్ వచ్చేది. ల్యాబులో పిల్లల మధ్య ఉన్నా అతను తీసేవాడు. "ఇప్పుడు తాగొచ్చేటి?" అనేది అప్ప. "తాగప్పా. సగం గ్లాసు తాగు" అనేవాడు. ఒక్కోసారి ఆమెకు దాహం లేకపోయినా చేసేదని వనజ చెప్పేది.

శ్రావణంలో ఒక పొద్దున్న ఆసుపత్రికి బయలుదేరుతూ, చెప్పులేసుకోడానికి వంగిన జోగమ్మ అలాగే గుమ్మంలో ఒరిగిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఈ జబ్బులో గుండె అలా ఆగిపోవడం మామూలే అన్నాడు డాక్టరు. భార్గవి వచ్చి, "ఆ ఎండల్లో జరిగినదానికీ దీనికీ సంబంధం లేదండి, మీరు మనసులో పెట్టుకోకండి" అంది. మంచినీళ్లపేటకి తీసుకెళ్లి, ఆమె మొగుడి పక్కనే ఇసకలో పూడ్చారు.

భార్గవి చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ధనుంజయ కూడా కాదనలేదు. చావు గురించి అతనెవరినీ ఏమీ అడగలేదు. చెంబు నిండా నీళ్లు ఎదురుగా పెట్టుకుని, తమ్ముడు చేసిన పెట్టె వద్దంటోందని చీర చెంగు చప్పరిస్తూ కూర్చున్న మనిషే అతని కళ్లముందు ఉండిపోయింది. వంటింట్లో గట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయేవాడు. చాలా నెలలు సోల్డరింగు కడ్డీ ముట్టలేదు. కాలేజీలో కొత్త బోర్డులొస్తే మాత్రం దూదీ సీసా పట్టుకుని ఒక్కోదాన్నీ తుడిచేవాడు. పేరు నిలిచిందో పోయిందో చూసి, వేరు వేరు డబ్బాల్లో వేసేవాడు.

మరుసటి చలికాలంలో భార్గవి ఫోన్ చేసింది. హరిపురం నుంచి డయాలసిస్‌కి వచ్చే తిరుమలరావు అనే రిటైర్డు మాస్టారు నీళ్లు ఆపుకోలేకపోతున్నాడట, జోగమ్మకి చేసినటువంటి పెట్టె చేసి పెట్టగలరా అని. ధనుంజయ లేదన్నాడు. రెండోసారీ లేదన్నాడు. మూడోసారి మాస్టారి భార్యే వచ్చి ఇంట్లో కూర్చుంది. ఆయన ఊపిరాడక గోడకి ఆనుకుని తెల్లవార్లూ కూర్చుంటున్నాడని చెప్పి వెళ్లిపోయింది.

ఆ వారమే అతను పని మొదలుపెట్టాడు. బోర్డు యుగంధర్ చేతి మీదుగా తెప్పించాడు. పెట్టె తయారైంది. చలిలో చూశాడు, సరిగ్గా తూచింది. పొయ్యి పక్కన పెట్టి చూశాడు, సరిగ్గానే తూచింది. వేసవి మొదలయ్యాక రేకుల మీద మధ్యాహ్నపుటెండలో పెట్టి, గొడుగేసుకుని పక్కనే కూర్చున్నాడు. అంకె ఒక్కటి కూడా కదల్లేదు. సాయంత్రానికి దాన్ని దించి, తుడిచి, బీరువాలో పెట్టేశాడు.

మాస్టారి భార్య మళ్లీ ఫోన్ చేసింది. రెండు రోజుల్లో తెస్తానని చెప్పాడు. రెండు రోజులూ అయిపోయాయి.

"బావా, బాగానే ఉన్నాది కదా. అట్టుకెళ్లి ఇచ్చేయరాదా? ఆ మాస్టారు అక్కడ ఊపిరాడక ఉన్నాడు" అంది వనజ.

ధనుంజయ బీరువా తెరిచాడు. పెట్టెని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇత్తాను వనజా" అన్నాడు. "ఈ ఎండలు ఒకసారి పూర్తిగా పోనీ."

మళ్లీ లోపల పెట్టి తలుపు వేశాడు.