బోర్లించిన గంప

సత్తెనపల్లి చుట్టుపక్కల మిరపకోతలకు ఆడవాళ్లను తీసుకెళ్లే ముఠా మేస్త్రిని నేను. బైబిలు చదువుకోవాలని జుట్టు నెరిశాక చర్చిలో సాయంకాలం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. రేపు ఎవరి చేనో మాత్రం నోటితోనే చెప్పేదాన్ని. పొద్దుగూకే వేళ గడపగడపకూ తిరిగేదాన్ని. పనికి రాలేని మనిషి తన గంప గుమ్మం ముందు బోర్లించేది. ఆ ఒక్కదాన్ని వదిలేసి ముందుకు పోయేదాన్ని.

మోకాళ్లు పట్టేశాక తిరగలేకపోయాను. మా చెల్లెలి కూతురు పాత కంప్యూటరొకటి తెచ్చి బియ్యం డ్రమ్ము పక్కన పెట్టింది.

"ఇది మన సర్వర్, పెద్దమ్మా. నువ్వు నీ ఫోన్‌లో పని రాస్తే ఇందులోకి వచ్చి అందరి ఫోన్లకూ పోతుంది."

"అందరూ వాడే యాప్ ఉందిగా?"

"అది దళారిది. ఏ చేను కోతకొచ్చిందో ముందే చూసుకుని బయటి ముఠాను దింపుతాడు. ఇదైతే మనింట్లోనే ఉంటుంది."

నేను మొదటి పని రాయగానే పక్కింటామె ఫోన్ మోగింది. "అక్కా, ఇక నీ కేకలు వినే బాధ తప్పింది" అని నవ్వింది.

మబ్బులు కమ్మిన రోజు, కౌలుకు మిరప వేసిన ఒంటరి ఆడమనిషి మా ఇంటికొచ్చింది. "రేపు కోయకపోతే నాకు మిగిలేది మిరపకట్టేనమ్మా" అంది. ఆమె కళ్లముందే ఫోన్‌లో రాశాను. అందరికీ చేరింది.

ఆ సాయంత్రం ముఠాలో ఒకామెకు జ్వరం వచ్చింది. తన గంప బోర్లిస్తున్నాననుకుని తన ఫోన్‌లో ఆ పని చెరిపేసింది. సర్వర్ అందరి ఫోన్లలోనూ చెరిపేసింది. తెల్లారి చూస్తే చేను పేరు లేదు. కౌలామే కోత వాయిదా వేసుకుందనుకున్నాం. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది, ఇక విడవలేదు.

వాన వెలిశాక వెళ్లాను. కాయలు మచ్చలు పడి, మెత్తబడి, బురదలో రాలి ఉన్నాయి. గట్టు మీద కూర్చున్న ఆమె లేవలేదు.

"ఏమ్మా, నా చేను మీ పెట్టెకు కనబడలేదా?"

తిట్టినా బాగుండేది.

"నన్నొక్కదాన్నే కదక్కా పనిలోంచి తీసేసుకున్నది" అంటూ జ్వరం మనిషి మా గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

పని చెరిపే వీలు నాకొక్కదానికే ఉండేట్టు మా పిల్ల మార్చింది. ఎలా మారిందో చూపిద్దామని పోయిన పనిని తిరిగి తెప్పించింది. అన్ని ఫోన్లూ ఒక్కసారే మోగాయి. 'రేపు, కౌలామె చేను, కోత.'

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఇప్పటికీ అది అందరి ఫోన్లలోనూ అలాగే ఉంది. చెరపగలిగింది నేనొక్కదాన్నే. చెయ్యి రావడం లేదు.