సైకిలోళ్ళం

మా డ్రిల్లు మాస్టారు పోయారు. చిలకలూరిపేట దగ్గర, కొత్తగా నాలుగు లైన్లు వేసిన హైవే మీద, పత్తి లారీ ఆయన సైకిల్ని పక్కనుంచి గుద్దింది. "ప్రభువునందు నిద్రించారు" అని కరపత్రం వేయిద్దామన్నారు చర్చివాళ్ళు. ఆయన నిద్రపోలేదు. లారీ చక్రం కింద నలిగి చచ్చిపోయారు. ఉన్నది ఉన్నట్టు రాయమని నాకు నేర్పిందే ఆయన.

విప్లవ కరపత్రాలు చదివి చదివి, లోకాన్ని తగలబెడితే తప్ప బాగుపడదనుకునే వయసులో ఆయన నాకు దొరికారు. టీ కొట్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టే పద్ధతి పోవాలని, బడి నుంచి రిటైరయ్యాక మాలాంటి కుర్రాళ్ళని వెంటేసుకుని ఊరూరా సైకిల్ యాత్ర పెట్టారు. గుంటూరు నుంచి ప్రకాశం మెట్ట దాకా. పొద్దున్నే అందరి టైర్లూ బొటనవేలితో నొక్కి చూసేవారు. అదే వేలితో మా డొక్కలో పొడిచి, "నీలో ఎంత గాలుందిరా?" అనేవారు.

కనిగిరిలో ఒక రోజు విశ్రాంతి. "ఇవాళ జెండా లేదు, నినాదం లేదు. కొండెక్కి కోట చూద్దాం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"జనం చస్తుంటే మనకి షికారేంటండీ?"

"ఆళ్ళు కూడా ఎప్పుడన్నా షికారు పోవాలనే కదరా ఈ తొక్కడమంతా."

కూలిన కోటగోడ మీద కూచుని, కాళ్ళు ఊపుకుంటూ చాలాసేపు కింద ఊరిని చూశారాయన. ఆయన్ని పనీపాటా లేకుండా చూడటం నాకదే మొదలు.

దిగొచ్చి టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టాయన గ్లాసు మీదికి చెయ్యి పోనిచ్చి, "మీరేవిటోళ్ళు?" అన్నాడు. మా వైపు ఆ మాటకి ఒకటే అర్థం. కులం చెప్తే, ఏ గ్లాసో తేలుతుంది.

"సైకిలోళ్ళం" అన్నారు మాస్టారు.

"అది కాదయ్యా. ఏవిటోళ్ళు?"

"సైకిలోళ్ళవేనండి. కళ్ళతో చూస్తన్నారుగా."

"ముసలాడికి ఎటకారం ఎక్కువైందే" అంటూ బల్ల మీంచి ఒకడు లేచి చెంప పగలగొట్టాడు. ఇంకో ఇద్దరు కర్రలు అందుకున్నారు. అడ్డం పడ్డ మావాళ్ళూ తిన్నారు. నా జేబులో కారప్పొడి పొట్లం ఉంది. గుంటూరు వాణ్ణి, యాత్రకి బయల్దేరేటప్పుడే కట్టుకున్నాను. తీశాను. మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు. వీపు మీద, నెత్తి మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఒక చేత్తో తల కాచుకుంటూ, రెండో చేత్తో నన్నే పట్టుకుని నిలబడ్డారు. ఆ రెండో చెయ్యి కూడా తల మీద పెట్టుకుంటే అన్ని దెబ్బలు తగిలేవి కావు.

జనం పోగయ్యాక వాళ్ళు పోయారు. కొండ మొదట్లో జామకాయలు కొని, నా పొట్లం విప్పి, చిట్లిన పెదవితోనే కారం అద్దుకుని తిన్నారాయన. కళ్ళవెంట నీళ్ళు.

"మంచి కారంరా. ఆడి కళ్ళలో కొడితే దండగైపోయేది."

నాకప్పుడు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు.

మొన్న కబురు విని హైవే మీదికి పరిగెత్తేసరికి, మాస్టారి మీద దుప్పటి కప్పేశారు. లారీ డ్రైవర్ని కిందికి లాగి తంతున్నారు. వాడి నోరంతా రక్తం. ఎవడో నా చేతిలో జాకీ రాడ్డు పెట్టాడు. "మీ మాస్టారేగా, కొట్టరా" అన్నాడు. ఎత్తాను. తల పగలగొట్టడానికే ఎత్తాను. చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది.

వాణ్ణి క్షమించానని రాయను, అబద్ధమవుతుంది. రాడ్డు పొలంలోకి విసిరేసి, పోలీసులొచ్చేదాకా వాడి మీద అడ్డంగా పడుకున్నాను. నా డొక్కలోనూ తన్నులు పడ్డాయి.

"ఆపడానికి నువ్వెవడివిరా? అసలు మీరేవిటోళ్ళు?" అని అరిచాడొకడు.

చెప్పాను.

పంచనామా అయ్యాక సైకిలు నాకిచ్చారు. ముందు చక్రం వంకరపోయింది. హేండిల్ పట్టి పైకెత్తి, వెనక చక్రం మీద నడిపించుకుంటూ ఊరికి తెచ్చాను. చైన్లోనూ ఫ్రీవీల్లోనూ లారీ పత్తి ఇరుక్కుని ఉంది, కొంత తెల్లగా, కొంత ఎర్రగా. ఫ్రీవీలు బిగుసుకుపోవడంతో, నేను అడుగేసినప్పుడల్లా పెడళ్ళు వాటంతటవే తిరిగాయి, పక్కన ఎవరో తొక్కుతున్నట్టు.