కాస్పర్ ట్సోబెల్ వెతికిన రుచి

మా ఆయన కాస్పర్ ట్సోబెల్ పెట్టిన బీరు కార్ఖానా అమెరికాలోని ఈ విస్కాన్సిన్‌లో తెలియనివాళ్ళు లేరు. ఆ బీరు నచ్చనిది ఒక్క ఆయనకే.

ఇరవై రెండో ఏట జర్మనీలోని ఫ్రాంకోనియా సీమలో తన ఊరు వదిలి వచ్చాడు. అక్కడ ఒక ముసలాయన దగ్గర బీరు కాచడం నేర్చుకున్నాడట. ఇక్కడ వాగు పక్కన కొండ తొలిచి బీరు పీపాలు చల్లగా ఉండేలా నేలమాళిగ కట్టాడు, నన్ను చేసుకున్నాడు, అయిదుగురు పిల్లలు పుట్టారు. ఇంకేం కావాలి చెప్పండి? కానీ ప్రతి ఏడూ కొత్త పీపా తెరవగానే ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఊహూఁ, మా ఊరి రుచి రాలేదే డోరా," అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

సరస్సు ఒడ్డున అడవి నుంచి బీచ్ అనే చెట్టు కట్టెలు తెప్పించి ఆ పొగలో బార్లీ మొలకలు ఆరబెట్టాడు. పీపాల లోపల పూసే బంక మార్చాడు. "పొరుగింటి పుల్లకూర రుచి! నీకెప్పుడూ అక్కడిదే గొప్ప. ఇక్కడ నేనొకత్తిని ఉన్నాను, కనిపిస్తున్నానా?" అని నెత్తీనోరూ కొట్టుకునేదాన్ని. నవ్వేసేవాడు. మనిషి నా పక్కనే, మనసు సముద్రం అవతల. ఆ రుచేదో ఒక్కసారి వచ్చేస్తే ఈ మనిషి నాకు దక్కుతాడని ఆశపడేదాన్ని.

ఈ వసంతంలో ఆ ముసలాయన కూతురు వాల్‌బుర్గ, ఇక్కడ కాపురముంటున్న తన చెల్లెలి దగ్గర ఉండిపోదామని ఓడెక్కి మా ఊరొచ్చింది.

"ఒరే కాస్పరూ, ఎంత లావయ్యావురా! పీపా గాని మింగావా?" అంటూ కూర్చుంది. ఈయన కొత్త పీపా తెరిచి కప్పు నింపి అందించాడు. సగం తాగి నురగ తుడుచుకుంది.

"ఇదేరా! మా నాన్న కాచిందే. రవ్వంత తేడా లేదు."

"సరిగ్గా చూడక్కా."

"చూసేదేముందిరా? మా ఇంట్లో ఇప్పటికీ నాన్నలాగే కాస్తారు, ఓడెక్కే రోజు కూడా అదే తాగి వచ్చాను."

పిల్లలు చప్పట్లు కొట్టారు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి, అనుకుని ఆయన వైపు తిరిగాను. మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆవిడ వెళ్ళాక మెల్లగా అన్నాడు. "అయితే నేను వెతికేది బీరులో లేదన్నమాట. అక్కడికి వెళ్ళినా దొరకదు."

మర్నాడు నేలమాళిగకి వెళ్ళలేదు. ఆ మర్నాడూ లేదు. మంచం మీద గోడకేసి తిరిగి పడుకున్నాడు. నాకు దక్కింది ఈ మనిషా అని గుండె చెరువైపోయింది.

మూడో రోజు కోటు తెచ్చి ఆయన మీద పడేశాను.

"లే! ఓడలో నెలన్నర వాంతులు చేసుకున్న ముసల్ది, దానికి నాలుకేమిటి, రుచేమిటి? పులిసిన గంజి పోసినా అదే అనేది. తేడా నీళ్ళలో ఉందయ్యా. కొండవతల ఊట నీళ్ళతో కాచి చూద్దాం పద."

ఆయన గోడ వైపు నుంచి నా వైపు తిరిగాడు. నేను అబద్ధమాడుతున్నానని ఆయనకి తెలుసు. అయినా లేచి బూట్లు తొడుక్కున్నాడు.

"మా ఊరి నీళ్ళు ఇంకా చల్లగా ఉండేవే," అన్నాడు.

"ఎంత చల్లగా?" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఊరి గురించి నేను అడగడం అదే మొదటిసారి.